వెళ్ళిపోదాం సరే, ఎక్కడికి?

2021 జనవరిలో, సంక్రాంతి ఇంకా నాలుగు రోజులుందనగా, ఇంగ్లండులో మా సరుకు కొనే కంపెనీ నుంచి ఒక మెయిలు వచ్చింది. మేం పంపిన లెదర్ షూలు ఎప్పటిలాగే చెన్నైలో ఓడెక్కి, ఇంగ్లండులో దిగి, వాళ్ళ గోదాముకి చేరాయి. అక్కడ సుంకం కట్టేశారు. వాటిలో కొన్ని పెట్టెలు, ఎన్నో ఏళ్ళుగా పంపుతున్నట్టే, డబ్లిన్‌లో ఉన్న తమ దుకాణాలకి పంపారు. అక్కడ ఐర్లండు కస్టమ్స్ వాళ్ళు మళ్ళీ సుంకం కట్టమన్నారు. ఒకసారి కట్టిన సరుకుకి మళ్ళీ ఎందుకు కట్టాలి, మీ కాగితాల్లో ఏమైనా తప్పు పడిందా అని ఆ మెయిల్లో అడిగారు.

నేను పెరియమేట్‌లో ఒక తోలు ఎగుమతుల ఆఫీసులో డాక్యుమెంటేషన్ చూస్తాను. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్... ఇరవై మూడేళ్ళుగా నాకు వీటితోనే తెల్లారుతుంది. కాగితాల్లో తప్పు పడిందా అని ఎవరైనా అడిగితే నాకు అన్నం సహించదు. ఆ సాయంత్రం ఫైలంతా రెండుసార్లు తిరగేశాను. ఎక్కడా తప్పు లేదు.

జరిగింది ఇదీ. 2020 డిసెంబరు 31 రాత్రి దాకా ఇంగ్లండు, ఐర్లండు ఒకే మార్కెట్టులో ఉన్నాయి. ఒకచోట సుంకం కట్టి లోపలికి వచ్చిన సరుకు ఆ తర్వాత ఎటు తిరిగినా అడిగేవాళ్ళు లేరు. ఆ రాత్రితో బ్రిటన్ ఆ మార్కెట్టులోంచి బయటికి వచ్చేసింది. యూరోపియన్ యూనియన్‌తో చేసుకున్న కొత్త ఒప్పందంలో సుంకాలు ఉండవన్నారు, నిజమే. కానీ ఆ మినహాయింపు బ్రిటన్‌లోనో యూరప్‌లోనో తయారైన సరుకుకి మాత్రమే. మా షూలు ఆంబూరులో తయారయ్యాయి. ఇంగ్లండు గోదాములో నెలరోజులు పడి ఉన్నంత మాత్రాన ఇంగ్లండు షూలు అయిపోవు. 1,200 పేజీలు దాటిన ఆ ఒప్పందం కుదిరింది డిసెంబరు 24న. అమల్లోకి వచ్చింది జనవరి 1న. మధ్యలో ఉన్నది ఒక్క వారం, అదీ క్రిస్మస్ వారం. మా కొనుగోలుదారు లాంటి మామూలు వ్యాపారి అది ఎప్పుడు చదవాలి, ఎప్పుడు అర్థం చేసుకోవాలి?

బ్రెగ్జిట్ గురించి, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ని వదిలి వెళ్ళడం గురించి, చెన్నైలో కూర్చుని ఇంత పొడుగు రాయడం ఎందుకని అడుగుతారేమో. వెళ్దామని వాళ్ళు ఓటేసిన 2016 నుంచి మా ఇంట్లో ఈ వాదన ఆగలేదు. అక్కా బావగార్ల ఇల్లు విల్లివాక్కంలో. బావగారు పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం వాళ్ళింటికి వెళ్తే కాఫీ అయ్యేలోపే ఆయన మొదలుపెడతారు. "ఏమ్మా, మీ ఇంగ్లండు వాళ్ళు ఎలా ఉన్నారు?" అని.

ఆయన పక్షం మొదట్నించీ ఒకటే. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం. మనింటి పప్పులో ఉప్పెంత వెయ్యాలో పక్కింటివాళ్ళు చెబితే ఊరుకుంటామా అంటారు. ఎక్కడో కూర్చున్నవాళ్ళు నిర్ణయం చేసి కిందికి పంపితే, చేతిలో పనిముట్టు పట్టుకున్నవాడికి ఎలా ఉంటుందో ఆయనకి ముప్పై ఏళ్ళ అనుభవం. ఆ మాట నేను తీసిపారెయ్యను. యూరోపియన్ పార్లమెంటుకి ప్రజలు 1979 నుంచీ నేరుగా ఓటేస్తున్నా, చట్టం ముసాయిదా పెట్టే అధికారం దాదాపు అంతా బ్రస్సెల్స్‌లోని కమిషన్‌దే. ఆ కమిషన్‌ని జనం ఓటుతో దించలేరు. బ్రిటన్‌లో ఈ అభ్యంతరం కుడిపక్షం వాళ్ళకే పరిమితం కాదు. 1975లో మొదటిసారి ఇదే ప్రశ్న మీద ఓటు పెట్టినప్పుడు, లేబర్ పార్టీ మంత్రి టోనీ బెన్ బయటికి వచ్చేద్దామనే ప్రచారం చేశాడు. మనల్ని పాలించేవాళ్ళని వదిలించుకునే దారి మన చేతిలో ఉండాలన్నది ఆయన జీవితాంతం పట్టుకున్న వాదన. ఆ ఏడాది 67 శాతం మంది ఉండిపోదామన్నారు.

వలసల సంగతీ అంతే. 2004లో తూర్పు యూరప్ దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు చాలా దేశాలు తమ ఉద్యోగాల తలుపులు కొన్నేళ్ళు మూసి ఉంచాయి. బ్రిటన్, ఐర్లండు, స్వీడన్ వెంటనే తెరిచేశాయి. ఏడాదికి 13,000 మంది కంటే రారని బ్రిటన్‌లో అప్పటి అంచనా. వచ్చినవాళ్ళు లక్షల్లో. పొలాల్లో కూరగాయలు కోసే పనికి వాళ్ళు ఎక్కువగా చేరిన లింకన్‌షైర్‌లోని బోస్టన్ ఊళ్ళో, 2016లో 75 శాతం పైగా బయటికే ఓటేశారు. ఒక చిన్న ఊరు పదేళ్ళలో మారిపోతే, ఆసుపత్రీ బడీ మాత్రం అవే ఉంటే, అక్కడివాళ్ళకి కోపం రావడంలో నాకు వింతేమీ కనిపించదు. ఆ కోపాన్ని తెలివితక్కువతనం అన్నవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయినా బావగారితో నేను ఒప్పుకోను. బయటికి వెళ్ళే హక్కు ఏ దేశానికైనా ఉంది. యూనియన్ ఒప్పందంలోనే 50వ అధికరణం పెట్టి, వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చని రాసుకున్నారు. నా గొడవ ఆ హక్కుతో కాదు, అడిగిన ప్రశ్నతో. 2016 జూన్ 23న బ్యాలెట్ కాగితం మీద రెండే ఉన్నాయి: ఉండాలా, వెళ్ళాలా. వెళ్ళి ఎక్కడికి చేరతామో అందులో లేదు. ఇల్లు ఖాళీ చెయ్యాలా అని అడిగారు. ఏ పేటకి, ఎంత అద్దెకి, పిల్లల బడి ఎలా అని ఎవరూ చెప్పలేదు. ఆ జవాబు లేకుండా అడిగిన ప్రశ్న అసలు ప్రశ్నే కాదని నేను గట్టిగా నమ్ముతాను.

72 శాతం మంది ఓటేశారు. 51.9 శాతం వెళ్దామన్నారు, 48.1 శాతం వద్దన్నారు. తేడా 13 లక్షల ఓట్లు కూడా లేదు. సరే, తేడా ఎంతైనా గెలుపు గెలుపే. కానీ ఏం గెలిచింది? నార్వేలా యూనియన్‌లో లేకుండా మార్కెట్టులో మాత్రం ఉండటమా? కెనడాలా ఒక వాణిజ్య ఒప్పందంతో సరిపెట్టుకోవడమా? ఏ ఒప్పందమూ లేకుండా ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల మీద బతకడమా? వెళ్దామన్న కోటీ 74 లక్షల మందిలో ఇవన్నీ అనుకున్నవాళ్ళున్నారు. అందరి ఓటూ ఒకే డబ్బాలో పడింది.

దాని ఫలితం 2019 మార్చి 27న పార్లమెంటులో కళ్ళకి కట్టింది. ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని జనవరిలోనే 432 మంది కాదన్నారు, ఔనన్నది 202 మందే. అది కాకపోతే ఇంకేది కావాలో మీరే చెప్పండని ఎనిమిది దారులు సభ ముందు పెట్టారు. ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఏప్రిల్ 1న నాలుగింటితో మళ్ళీ ఓటు పెట్టారు. నాలుగూ పోయాయి. కస్టమ్స్ యూనియన్‌లో ఉండిపోదామన్న తీర్మానం మూడే మూడు ఓట్లతో ఓడింది. ఆ రోజుల్లో నేను ఆఫీసులో భోజనం డబ్బా పక్కన ఫోను పెట్టుకుని ఆ లెక్కలు చూసేదాన్ని. ఆ మూడు ఓట్లు ఇటు పడి, ఆ దారే చివరిదాకా నిలిచి ఉంటే, మా డబ్లిన్ పెట్టెలకి రెండోసారి సుంకం పడేది కాదు.

ఇదంతా మా అక్కకి విసుగు. కస్టమ్స్ యూనియన్ అంటే ఏమిటో నాకు తెలుగులో చెప్పు అంది ఒకసారి. తడ చెక్‌పోస్టు గుర్తుందా అన్నాను. మేం చిన్నప్పుడు బస్సులో నెల్లూరు వెళ్తుంటే, తమిళనాడు వైపు ఎళావూరు దగ్గర, ఆంధ్ర వైపు తడ దగ్గర, లారీలు మైళ్ళకొద్దీ నిలబడి ఉండేవి. డ్రైవర్లు చెట్టు కింద స్టవ్వు వెలిగించుకుని వండుకునేవాళ్ళు. ఒకే దేశం, ఒకే రూపాయి, అయినా ఒక రాష్ట్రం పన్ను వేరు, ఇంకో రాష్ట్రం పన్ను వేరు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఇ-వే బిల్లు చేతిలో ఉంటే బండి సాగిపోతుంది. మదనపల్లె టమాటా కోయంబేడుకి వచ్చే దారిలో ఆ పాత వరస ఇప్పుడు లేదు. బ్రిటన్ చేసింది దీనికి తలకిందులు. ఎత్తేసిన చెక్‌పోస్టుని తనంతట తానే మళ్ళీ కట్టుకుంది. అక్కకి అర్థమైంది. "అయితే ఆ లారీవాళ్ళ గతేమిటి?" అంది. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. బ్రిటన్‌లో ఆ ప్రచారమంతా నడిచిన నెలల్లో లారీవాళ్ళ గతి గురించి చర్చ ఎంత తక్కువ జరిగిందో!

వాళ్ళ ప్రచారంలో ఎర్ర బస్సు ఒకటి తిరిగింది. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కి పంపుతున్నాం, ఆ డబ్బు మన ఆసుపత్రులకి ఇద్దాం అని దాని మీద రాశారు. 1984లో మార్గరెట్ థాచర్ పోట్లాడి సాధించిన తగ్గింపు పోగా, ఆ మొత్తం ఎన్నడూ పంపలేదు. పంపినదాంట్లోంచి కొంత రైతులకీ వెనకబడిన ప్రాంతాలకీ తిరిగి వచ్చేది. ఆ అంకె తప్పుదోవ పట్టిస్తుందని వాళ్ళ గణాంకాల అథారిటీయే చెప్పింది. బస్సు ఆగలేదు.

ఉండిపోదామన్న పక్షం మాత్రం మెరుగా? వాళ్ళు భయపెట్టారు. ఓటు వెళ్దామని పడితే వెంటనే మాంద్యం వస్తుందని ఆర్థికశాఖ చెప్పింది. అత్యవసర బడ్జెట్ పెట్టి పన్నులు పెంచాల్సి వస్తుందని ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ హెచ్చరించాడు. పౌండు మాత్రం ఒక్క రాత్రిలో 1.50 డాలర్ల నుంచి 1.33 దాకా పడిపోయింది. పౌండ్లలో ఇన్వాయిస్ వేసిన మాకు ఆ పొద్దున ఎంత టెన్షనో! కానీ చెప్పిన మాంద్యం ఆ ఏడు రాలేదు. దాంతో ఆ తర్వాత వాళ్ళు చెప్పిన నిజాలు కూడా ఎవరి చెవికీ ఎక్కలేదు. బ్రిటన్ బడ్జెట్ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ అంచనా ప్రకారం, లోపలే ఉండి ఉంటే ఉండాల్సిన ఉత్పాదకత కంటే దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుంది. ఇలాంటి నష్టం ఒక్కరోజున పిడుగులా పడదు. చెదపురుగులా తింటుంది. పిడుగు పడుతుందని చెప్పినవాళ్ళకి చెదలు చూపించే అర్హత పోయింది.

పైగా డబ్బు మాట తప్ప వేరే మాట ఎత్తలేదు. సండర్లండ్‌లో నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది. మా ఒరగడంలో 2025 దాకా రెనో-నిస్సాన్ ఉమ్మడిగా నడిపిన ఫ్యాక్టరీ ఎలాగో అక్కడ అదలాగ, ఊరికి అన్నం పెట్టేది. ఆ కార్లలో ఎక్కువభాగం యూరప్‌కే వెళ్తాయని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఆ ఊరు 61 శాతం వెళ్దామంది. అక్కడివాళ్ళకి లెక్కలు రాక కాదు. మా మాట ఎవరూ వినడం లేదన్న బాధకి ఆ ఓటు ఒక్కటే చోటు దొరికింది. యూరప్‌తో కలిసి ఉండటం ఎందుకో, రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత ఆ కలయిక దేనికోసం పుట్టిందో, ఆ ఊరికెళ్ళి మనసుకెక్కేలా చెప్పినవాళ్ళు లేరు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఐర్లండు. ఉత్తర ఐర్లండు బ్రిటన్‌లో భాగం. దక్షిణాన ఉన్న ఐర్లండు వేరే దేశం, యూనియన్‌లోనే ఉంది. మధ్య సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు, పొలాల్లోంచి, పెరళ్ళలోంచి పోతుంది. ఉత్తర ఐర్లండు ఎటు ఉండాలన్న గొడవలో, ముప్పై ఏళ్ళ రక్తపాతంలో మూడున్నర వేల మంది పోయాక, 1998లో గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత సరిహద్దు మీద సైనికుల కాపలా పోయింది. రెండు దేశాలూ ఒకే మార్కెట్టులో ఉండబట్టి సరుకుకి తనిఖీ అక్కర్లేదు. ఇప్పుడు బ్రిటన్ బయటికి వచ్చింది. తనిఖీ ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. నేలమీద పెడితే శాంతికి ముప్పు. సముద్రం మీద, అంటే బ్రిటన్‌కీ ఉత్తర ఐర్లండుకీ మధ్య పెడితే, ఒకే దేశంలో రెండు ముక్కల మధ్య కస్టమ్స్. రెండూ వద్దంటే బ్రిటన్ యూరప్ నిబంధనలకే కట్టుబడి ఉండాలి. అలాంటప్పుడు బయటికి రావడం ఎందుకు? నాలుగో దారి లేదు. కాగితాలు రాసే ఏ గుమస్తా అయినా పావుగంటలో ఇది చెప్పేవాడు. ఉత్తర ఐర్లండు జనం 55.8 శాతం ఉండిపోదామన్నారు. చివరికి సరిహద్దు సముద్రం మీదికే వెళ్ళింది. 2023లో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో దాన్ని కొంత సులువు చేశారు. ఉత్తర ఐర్లండులోనే ఆగిపోయే సరుకుకి పచ్చ వరస, దక్షిణానికి పోయేదానికి ఎర్ర వరస.

సొంత నిబంధనల సంగతి కూడా చెప్పాలి. బావగారి అసలు వాదన అదే కాబట్టి. మేం ఫ్యాక్టరీల్లో తొడుక్కునే సేఫ్టీ షూలు కూడా పంపుతాం. వాటి మీద, భద్రతా నిబంధనలకి సరిపోయాయని చెప్పే యూరప్ వాళ్ళ సీఈ గుర్తు ఉండాలి. బ్రిటన్ బయటికి వచ్చాక, మాకు మా గుర్తే కావాలని యూకేసీఏ అని ఒకటి తెచ్చింది. మేం కొత్త అచ్చులు చేయించాం. గడువు ఒకసారి వాయిదా వేశారు, మళ్ళీ వేశారు. 2023 ఆగస్టులో, సీఈ గుర్తుని గడువేమీ లేకుండా ఒప్పుకుంటూనే ఉంటామని ప్రకటించారు. ఆ అచ్చులు మా స్టోర్‌రూములో ఉన్నాయి. ముందు యూరప్ నిబంధనలు రాసే బల్ల దగ్గర బ్రిటన్‌కి ఒక కుర్చీ, ఒక ఓటు ఉండేవి. ఇప్పుడు ఆ నిబంధనల్నే ఒప్పుకుంటోంది, కుర్చీ లేదు. పప్పులో ఉప్పు ఇప్పటికీ పక్కింటివాళ్ళే వేస్తున్నారు బావగారూ, మనం వంటింట్లోంచి బయటికి వచ్చేశాం, అంతే అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఆయన తీసిన మాట నన్ను నిజంగా ఇరుకున పెట్టింది. "మరి మనవాళ్ళు మద్రాసు నుంచి విడిపోలేదా?" అన్నారు.

విడిపోయారు. మా కుటుంబమే రెండయింది. 1952 డిసెంబరు 15 రాత్రి, బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహారదీక్షలో పొట్టి శ్రీరాములు గారు పోయినప్పుడు మా తాతయ్య జార్జిటౌన్‌లో గుమస్తా. మర్నాడు శవయాత్ర వెనక నడిచానని చెప్పేవాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న చిన్నతాతయ్య కర్నూలు వెళ్ళి గుడారంలో ఆఫీసు చేశాడు. తాతయ్య ఇక్కడే ఉండిపోయాడు. అలా మేం చెన్నైవాళ్ళమయ్యాం.

కానీ ఆ విడిపోవడానికి వెల ముందే రాసి ఉంది. 1949లోనే నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్య గార్ల కమిటీ చెప్పింది, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చని. మూడేళ్ళ గొడవంతా ఆ వెల మీదే నడిచింది. ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా, బదులుగా ఏమొస్తుంది అని. వెళ్ళేది ఎక్కడికో పల్లెటూరి రైతుకి కూడా తెలుసు: మన భాషలో కోర్టు, మన భాషలో బడి, మన శాసనసభ. పోయేదీ తెలుసు. తాతయ్య చివరిదాకా మద్రాసు పోయిందని బాధపడ్డాడు గానీ మోసపోయామని ఒక్కసారీ అనలేదు. ఇది అచ్చంగా బ్రిటన్ లాంటి కథ కాదని నాకు తెలుసు. ఇక్కడ జనం ఓటు జరగలేదు, విడిపోయినా ఒకే దేశంలో ఉన్నాం. అయినా బావగారి ప్రశ్నకి నా జవాబు అదే.

బావగారి దగ్గర ఇంకొకటి ఉంది. 2019 నవంబరులో మన దేశం ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్‌లో చేరనని బ్యాంకాక్‌లో చెప్పి వచ్చేసింది కదా, మనకేమైంది అని. సంతకం పెట్టకముందు కాదనడం వేరు. పాలరైతుకి ఏమవుతుంది, చైనా సరుకు ఎంత వస్తుంది అని లెక్కవేసి వద్దన్నారు. ఆ లెక్క తప్పో ఒప్పో ఎవరైనా వాదించొచ్చు. 47 ఏళ్ళు కలిసి కాపురం చేసి, ఉమ్మడి వంటిల్లు కట్టుకుని, లెక్క తర్వాత చూద్దామని బయటికి నడవడం వేరు.

మా అక్క కొడుకు 2022లో ఎమ్మెస్సీకి ఇంగ్లండు వెళ్ళాడు. చదువయ్యాక రెండేళ్ళు పనిచేసుకునే వీసా 2021లో మళ్ళీ మొదలైంది కాబట్టి వెళ్ళగలిగాడు. యూరప్ వాళ్ళకి తలుపు మూశారు గనకే మనవాడికి తెరిచారంటారు బావగారు. కొంత నిజమే. 2016 ప్రచారంలో అప్పటి బ్రిటన్ మంత్రి ప్రీతి పటేల్ అక్కడి మన కూరల హోటళ్ళవాళ్ళకి చెప్పింది కూడా అదే, యూరప్ వలసలు తగ్గితే మీ వంటవాళ్ళు రావచ్చని. కానీ వలసలు తగ్గాలని ఓటేసిన బోస్టన్ ఊరివాళ్ళకి ఏం దక్కింది? 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో బ్రిటన్‌కి నికర వలస దాదాపు 9 లక్షలకి చేరింది. మళ్ళీ కోపం. 2024 జనవరి నుంచి, పరిశోధన చేసేవాళ్ళు తప్ప మిగతా విద్యార్థులు భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదన్నారు. మావాడు తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఫోనులో అడుగుతుంటే, వాడికి ధైర్యం చెప్పడానికి నా దగ్గర కాగితమేదీ లేదు.

పోయిన ఆదివారం బావగారు సూటిగా అడిగారు. "సరేనమ్మా, నువ్వయితే ఎలా అడిగేదానివి?"

రెండుసార్లు అడిగేదాన్ని అన్నాను. న్యూజీలండ్ వాళ్ళు ఎన్నికల పద్ధతి మార్చుకోవాలనుకున్నప్పుడు అలాగే చేశారు. 1992లో, మార్చాలా అని ఒక ప్రశ్న, మారిస్తే ఈ నాలుగింటిలో ఏది అని ఇంకో ప్రశ్న. జనం ఒకటి ఎంచుకున్నారు. ఏడాది తర్వాత, 1993లో, ఆ ఎంచుకున్నదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి ఇప్పుడు చెప్పండన్నారు. కొత్తది గెలిచింది. ఓడినవాళ్ళకి కూడా దేని చేతిలో ఓడామో తెలుసు. బ్రిటన్ కూడా వెళ్దామన్న ఓటు తర్వాత, ఒప్పందం రాసుకుని, ఐర్లండు సరిహద్దు ఎక్కడో గీసి, ఆ కాగితం జనం చేతికిచ్చి ఇంకోసారి అడగాల్సింది. అప్పుడు కూడా వెళ్దామని ఉంటే, నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

"రెండోసారి అడిగితే మొదటి ఓటుని అవమానించినట్టు కాదా?" అన్నారు బావగారు. పెళ్ళిచూపుల్లో ఔనన్నాక ముహూర్తానికి ముందు మళ్ళీ అడగడం అవమానమా అన్నాను. ఆయన నవ్వలేదు. ఆలోచించి చెబుతానన్నారు. అక్క ఇడ్లీపిండి రుబ్బడానికి లేచింది, నేను ఆరున్నర లోకల్ అందుకోవాలని బయల్దేరాను. సోమవారం ఇంగ్లండుకి ఒక కంటైనరు, డబ్లిన్‌కి వేరేగా ఒక చిన్న సరుకు. రెండు సెట్ల కాగితాలు కట్టాలి.